కారు అద్దాలకు సన్ ఫిల్మ్: రూల్ ఏంటి, కోర్టులు ఏమన్నాయి, షాపులవాళ్ల గోడు ఏంటి

మా మామూ రెండేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. అద్దాలకు ఫిల్మ్ ముందే వేసి ఉంది. ఎండకు బాగుంటుందిలే అని అలాగే ఉంచేశారు. మూడో వారంలో చలానా వచ్చింది. ఆ తర్వాత ఒక సిగ్నల్ దగ్గర ఆపి, ఫిల్మ్ అక్కడికక్కడే పీకించారు. మామూ అడిగింది ఒకటే ప్రశ్న: "ఇది తప్పయితే షాపుల్లో బహిరంగంగా ఎలా అమ్ముతున్నారు? కంపెనీ నుంచే కొంచెం రంగుతో వచ్చే అద్దాలను ఎందుకు వదిలేస్తున్నారు?"

ఈ ప్రశ్న చాలామందికి ఉంది. "మొత్తం బ్యాన్" అని ఒకరు, "50 శాతం దాకా ఓకే" అని ఇంకొకరు, "కేరళ హైకోర్టు పర్మిషన్ ఇచ్చేసింది" అని వాట్సాప్‌లో మరొకరు చెబుతుంటారు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. అసలు విషయం మొదటి నుంచి ఒక వరుసలో చూద్దాం.

ముందు ఒక మాట తెలుసుకోవాలి: వీఎల్‌టీ

ఈ గొడవంతా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. దాన్ని వీఎల్‌టీ అంటారు. విజిబుల్ లైట్ ట్రాన్స్‌మిషన్ అన్నమాట. అంటే అద్దం మీద పడిన వెలుతురులో ఎంత శాతం అవతలికి వెళ్తుందో చెప్పే లెక్క. 70 శాతం వీఎల్‌టీ అంటే 100 పాళ్ల వెలుతురు పడితే 70 పాళ్లు లోపలికి వస్తుంది. అంకె ఎంత తక్కువైతే అద్దం అంత నల్లగా ఉంటుంది. షాపులో "20 ఫిల్మ్" అంటే బాగా నలుపు, "70 ఫిల్మ్" అంటే దాదాపు తెలుపు అని అర్థం. దీన్ని చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. "50 శాతం టింట్ వేయించాను" అంటే సగం వెలుతురు ఆగిపోయిందని ఒకరు, సగం వస్తోందని ఒకరు అనుకుంటారు. 50 దగ్గర రెండూ ఒకటే కాబట్టి సరిపోయింది గానీ, 70 దగ్గర, 30 దగ్గర ఈ పొరపాటు జేబుకు చిల్లు పెడుతుంది.

రూల్ 100 ఏం చెబుతోంది

మన దేశంలో బండి అద్దాల గురించి చెప్పేది 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లోని 100వ రూల్. దాని సారాంశం సింపుల్‌గానే ఉంటుంది:

- ముందు అద్దం, వెనక అద్దం: కనీసం 70 శాతం వెలుతురు రావాలి.
- పక్క కిటికీల అద్దాలు: కనీసం 50 శాతం రావాలి.
- అద్దం సేఫ్టీ గ్లాస్ అయి ఉండాలి, ఐఎస్ 2553 అనే భారతీయ ప్రమాణానికి సరిపోవాలి.

బండి తయారైనప్పుడే కాదు, రోడ్డు మీద తిరిగినంత కాలం అద్దాలను ఇదే స్థితిలో ఉంచాలని కూడా రూల్ అంటుంది. "ఉంచాలి" అన్న ఈ మాట ముఖ్యం. తర్వాత కోర్టుల్లో వాదన అంతా దీని చుట్టూనే నడిచింది. కంపెనీ నుంచి వచ్చే లేత ఆకుపచ్చ అద్దాలను పోలీసులు ఎందుకు పట్టుకోరంటే, అవి ఈ అంకెలకు లోబడే తయారవుతాయి.

2012 తీర్పు: ఒక్క దెబ్బతో అన్ని ఫిల్ములూ

2012కు ముందు షాపులవాళ్లు రూల్ 100ను ఇలా చదువుకునేవారు: పక్క అద్దం మీద ఫిల్మ్ వేసినా మొత్తం వీఎల్‌టీ 50కి తగ్గకపోతే చాలు. చాలా రాష్ట్రాల్లో పోలీసులు కూడా అంతగా పట్టించుకునేవారు కాదు. కారు డెలివరీ తీసుకుని నేరుగా ఫిల్మ్ షాపుకు వెళ్లడం అప్పట్లో మామూలు.

కోల్‌కతాకు చెందిన అవిషేక్ గోయెంకా అనే వ్యక్తి దీనిపై సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. నల్ల ఫిల్ముల వల్ల నేరాలు చేసేవాళ్లకు దాక్కునే చోటు దొరుకుతోందని, యాక్సిడెంట్లకూ కారణం అవుతోందని ఆయన వాదన. లాయర్‌ని పెట్టుకోకుండా తానే వాదించుకున్నారు.

2012 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, జస్టిస్ ఎ.కె. పట్నాయక్, జస్టిస్ స్వతంతర్ కుమార్‌ల బెంచ్ ఇచ్చిన తీర్పు ఇది. షాపులవాళ్లు ఊహించినదానికంటే గట్టిగా వచ్చింది. రూల్ 100 మాట్లాడేది అద్దం గురించి, అద్దం మీద అతికించే దాని గురించి కాదు అని కోర్టు చెప్పింది. అద్దమే 70, 50 శాతాలతో తయారు కావాలి, దాని మీద మళ్లీ ఏదో అతికించడానికి రూల్ ఒప్పుకోదు. కాబట్టి ఎంత శాతం వీఎల్‌టీ ఉన్న ఫిల్మ్ అయినా, ఇంకే మెటీరియల్ అయినా కారు అద్దాల మీద అంటించకూడదు. ఇది దేశమంతటికీ వర్తిస్తుంది. 2012 మే 4 నుంచి అమల్లోకి వచ్చింది. చలానా రాయడంతోపాటు ఫిల్మ్ పీకేసే అధికారం కూడా పోలీసులకు ఇచ్చారు.

మినహాయింపు ఒక్కటే. జడ్, జడ్ ప్లస్ సెక్యూరిటీ ఉన్నవాళ్ల బండ్లకు, అది కూడా డీజీపీ లేదా పోలీస్ కమిషనర్, హోం సెక్రటరీ ఉన్న కమిటీ చూసి ఒప్పుకుంటేనే. ఎండ, ప్రైవసీ, ఇంట్లో ఆడవాళ్లు అనే కారణాలు చెప్పినా, ఒకరి సౌకర్యం కంటే జనం భద్రతే ముందు అన్నది కోర్టు ధోరణి.

పరిశ్రమ ఏమంది

తీర్పు వచ్చిన వారంలోనే అమలు మొదలైంది. అప్పటిదాకా రోజుకు నాలుగైదు కార్లకు ఫిల్మ్ వేసుకుని బతికిన షాపుల్లో పని ఆగిపోయింది. ఫిల్మ్ తయారీ కంపెనీలు, పంపిణీదార్లు, డీలర్లు కలిసి, విడివిడిగా సుప్రీంకోర్టుకే మళ్లీ వెళ్లారు. తీర్పును మార్చండి, కనీసం వివరణ ఇవ్వండి అని అడిగారు. వాళ్ల వాదనలు స్థూలంగా ఇవి:

ఒకటి, రూల్ అంకె చెప్పింది, అంకె తప్పనంత వరకు ఫిల్మ్ వేస్తే తప్పేంటి? 50 శాతం అద్దం కంపెనీలో తయారైతే రైటు, అదే 50 శాతం షాపులో ఫిల్మ్‌తో వస్తే తప్పా?

రెండు, ఫిల్మ్ అంటే నలుపు ఒక్కటే కాదు. పూర్తిగా పారదర్శకంగా ఉంటూ అల్ట్రావయొలెట్ కిరణాలను, వేడిని ఆపే రకాలు ఉన్నాయి. అద్దం పగిలితే ముక్కలు చెదరకుండా పట్టి ఉంచే రకాలు కూడా ఉన్నాయి.

మూడు, ఇది చట్టబద్ధమైన వ్యాపారం. పన్ను కట్టి, లైసెన్సు తీసుకుని చేస్తున్న పని. రాజ్యాంగం వ్యాపారం చేసుకునే హక్కు ఇచ్చింది.

నాలుగు, చర్మ జబ్బులు ఉన్నవాళ్లకు ఎండ తగలకూడదు, వాళ్ల సంగతేంటి?

2012 ఆగస్టు 3న సుప్రీంకోర్టు ఈ దరఖాస్తులను తోసిపుచ్చింది. మేం కొత్త చట్టం చేయలేదు, ఉన్న రూల్‌కు అర్థం చెప్పాం అంతే అన్నది కోర్టు మాట. అద్దంలోనే ఆ గుణాలు ఉండేలా తయారీదార్లు చేసుకోవచ్చు, విడిగా ఫిల్మ్ అతికించడం మాత్రం కుదరదు.

ఇక్కడ లెక్క ఒకసారి చూడండి. సుప్రీంకోర్టు తీర్పుతో పెద్ద కంపెనీలు పూర్తిగా దెబ్బతినలేదు. ఔరంగాబాద్‌లో, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్‌లో ప్లాంట్లు ఉన్న గర్వారే లాంటి కంపెనీకి ఎగుమతి మార్కెట్ ఉంది. బిల్డింగుల అద్దాలకు ఫిల్మ్ అమ్ముకోవచ్చు. కానీ షట్టర్ అద్దెకు తీసుకుని, ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పి, రోల్ అప్పుకు తెచ్చుకున్న షాపువాడికి ఎగుమతి ఎక్కడిది? మన ఊళ్లలో ఈ పనిలో ఉన్నవాళ్లలో ఉస్తాద్ దగ్గర కుర్రాడిగా చేరి చేత్తో నేర్చుకున్నవాళ్లు చాలామంది. బుడగ రాకుండా, గీత పడకుండా ఫిల్మ్ వేయడం ఒక విద్య. వాళ్లు సీటు కవర్లకు, స్టీరియోలకు, తర్వాత పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, సెరామిక్ కోటింగ్ పనులకు మళ్లారు. మళ్లలేనివాళ్లు షట్టర్ దించేశారు.

అమలు: ఒక వారం జోరు, ఆర్నెల్లు నిద్ర

తీర్పు వచ్చిన ఎనిమిది నెలలకే 2012 డిసెంబరు 16న ఢిల్లీలో ఆ ఘోరం జరిగింది. ఆ బస్సుకు నల్ల ఫిల్ములు, కర్టెన్లు ఉన్నాయని బయటపడ్డాక, సుప్రీంకోర్టు చెప్పినా అమలు ఏమైందని దేశమంతా అడిగింది. ఫిల్మ్ మీద వ్యతిరేకత ఊరికే రాలేదు అని గుర్తుపెట్టుకోవాలి. షాపులవాళ్ల బాధ నిజమే, రోడ్డు మీద భయం కూడా నిజమే.

కానీ అమలు మాత్రం విడతల వారీగానే సాగుతోంది. 2021 జనవరిలో కేరళ మోటారు వాహనాల శాఖ "ఆపరేషన్ స్క్రీన్" పేరుతో ఫిల్ముల మీద, కర్టెన్ల మీద డ్రైవ్ పెట్టింది. మన హైదరాబాద్‌లో 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ట్రాఫిక్ పోలీసులు జూబ్లీహిల్స్ ప్రాంతంలో స్పెషల్ డ్రైవ్ చేసి, అల్లు అర్జున్‌తో సహా కొందరు సినిమా హీరోల కార్లకు కూడా చలానా వేశారు. అప్పుడు జరిమానా 700 రూపాయలు. టీవీల్లో రెండు రోజులు అదే చూపించారు. కోట్ల కారుకు 700 రూపాయలు లెక్కలోకి రాదు. అదే క్యాబ్ నడిపి పొట్ట పోసుకునే డ్రైవర్‌కు 700 అంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. పైగా ఫిల్మ్‌కు పెట్టిన డబ్బు కూడా అద్దం మీద నుంచి ఊడి కింద పడుతుంది.

2021లో నిశ్శబ్దంగా మారిన రూల్

ఇప్పుడు అసలు మలుపు. 2020లో కేంద్రం మోటారు వాహనాల రూల్స్‌కు ఏడో సవరణ తెచ్చింది. ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో రూల్ 100లో "సేఫ్టీ గ్లాస్" అన్న మాట పక్కన "సేఫ్టీ గ్లేజింగ్" అన్న మాట చేరింది. ప్రమాణం కూడా మారింది, ఐఎస్ 2553 రెండో భాగం 2019 నాటి కొత్త ఎడిషన్‌ను చూడమంది.

ఆ కొత్త ప్రమాణంలో లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లాస్ కూడా ఒక రకంగా ఉంది. అంటే అద్దం, దాని లోపలి వైపు ప్లాస్టిక్ పొర. దీన్ని చూడగానే ఫిల్మ్ పరిశ్రమకు ఆశ పుట్టింది. 2012లో "రూల్ అద్దం గురించే మాట్లాడుతోంది" అన్నందువల్లే కదా మేం ఓడిపోయాం, ఇప్పుడు రూలే ప్లాస్టిక్ పొర గురించి మాట్లాడుతోంది కదా అన్నది వాళ్ల మాట. అంకెలు మాత్రం మారలేదు. ముందు వెనక 70, పక్కన 50 అలాగే ఉన్నాయి.

కేరళ హైకోర్టు 2024: ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

కేరళలో ఫిల్మ్ తయారు చేసే గర్వారే హై-టెక్ ఫిల్మ్స్, ఫిల్మ్ వేసుకున్నందుకు జరిమానా పడిన వాహన యజమాని, రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని మోటారు వాహనాల శాఖ నోటీసు ఇచ్చిన షాపు తరఫువాళ్లు హైకోర్టుకు వెళ్లారు. 2024 సెప్టెంబరులో జస్టిస్ ఎన్. నగరేష్ తీర్పు ఇచ్చారు.

ఆయన చెప్పిన ముఖ్యమైన మాటలు మూడు. 2012 సుప్రీంకోర్టు తీర్పు పాత రూల్‌కు సంబంధించినది, ఇప్పుడు రూల్ మారింది. రూల్ చెప్పిన 70, 50 శాతాలకు లోబడి ప్లాస్టిక్ పొర ఉన్న గ్లేజింగ్ వాడుకోవచ్చు, దానికి జరిమానా వేయకూడదు. దాన్ని కారు కంపెనీయే వేయాలని లేదు, అద్దాలను ఆ స్థితిలో ఉంచాల్సిన బాధ్యత యజమానిది కాబట్టి యజమాని కూడా వేయించుకోవచ్చు. అలాంటి ఫిల్మ్ అమ్మినందుకు షాపు రిజిస్ట్రేషన్ రద్దు చేయడం కూడా చెల్లదు.

మరి ఏం చెప్పలేదు? నల్ల ఫిల్మ్ వేసుకోండి అని చెప్పలేదు. 20 శాతం, 35 శాతం ఫిల్ముకు ఆ తీర్పులో చోటు లేదు. అంకె దాటితే అక్కడా తప్పే. వాట్సాప్‌లో "హైకోర్టు బ్యాన్ ఎత్తేసింది" అని తిరిగిన మెసేజ్ ఈ సగాన్ని వదిలేసింది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో దాని విలువ ఎంత

ఒక రాష్ట్ర హైకోర్టు తీర్పు పక్క రాష్ట్రంలో అధికారులను నేరుగా కట్టిపడేయదు. మన దగ్గర కోర్టులో చూపించి వాదించుకోవడానికి అది పనికొస్తుంది. అంతవరకే. సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన ఆదేశం దేశమంతా వర్తించే ఆదేశం, మన ట్రాఫిక్ పోలీసులు చెప్పేది దాని గురించే. కాబట్టి ఇక్కడ సిగ్నల్ దగ్గర "కేరళ హైకోర్టు చెప్పింది సార్" అంటే పని జరుగుతుందని నమ్ముకోవద్దు.

"మన రాష్ట్రమే ఒక చట్టం చేసి ఈ గొడవ తేల్చొచ్చు కదా?" అని కొందరు అడుగుతారు. అది అంత తేలిక కాదు. మోటారు వాహనాల చట్టం 110వ సెక్షన్ ప్రకారం బండి నిర్మాణం, పరికరాలు, అద్దాలకు సంబంధించిన రూల్స్ చేసే అధికారం కేంద్రానిది. 111వ సెక్షన్ కింద రాష్ట్రాలు చేసే రూల్స్, కేంద్రం చూసుకునే ఆ విషయాల జోలికి పోకూడదు. రాష్ట్రం చేతిలో ఉన్నది అమలు, స్పాట్‌లో కట్టే మొత్తం ఎంతో నిర్ణయించడం. అందుకే ఒకే తప్పుకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చలానా ఉంటుంది. 2019 సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనకు 177వ సెక్షన్‌లో మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా జరిమానా ఉంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం గురించి 52వ సెక్షన్ వేరేగా ఉంది.

లెక్క ఇక్కడే తప్పుతోంది

కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఈ భాగం నాకు చాలా ముఖ్యం అనిపించింది. షాపులో "సార్, ఇది 70 శాతం ఫిల్మ్, లీగల్" అంటారు. ఫిల్మ్ 70 కావచ్చు. కానీ రూల్ అడిగేది ఫిల్మ్ శాతం కాదు. అద్దం, ఫిల్మ్ కలిపి ఎంత అన్నదే.

కంపెనీ అద్దమే 100 శాతం వెలుతురు రానివ్వదు. చాలా కార్లకు అది 70 నుంచి 80 మధ్య ఉంటుంది. రెండూ కలిస్తే అంకెలను కూడకూడదు, తీసేయకూడదు, గుణించాలి. ఉదాహరణకు మీ అద్దం 75 శాతం అనుకుందాం.

- 75 శాతం అద్దం మీద 70 ఫిల్మ్: 75 × 0.70 = 52.5 శాతం. పక్క కిటికీకి పాస్. ముందు అద్దానికి, వెనక అద్దానికి ఫెయిల్.
- అదే అద్దం మీద 50 ఫిల్మ్: 37.5 శాతం. ఎక్కడా పాస్ కాదు.
- అదే అద్దం మీద 35 ఫిల్మ్: 26 శాతం. చెప్పాల్సిన పని లేదు.
- ముందు అద్దం 75 ఉంటే, 70కి తగ్గకుండా ఉండాలంటే ఫిల్మ్ కనీసం 93 లేదా 94 శాతం ఉండాలి. అంటే కంటికి కనిపించనంత తెల్ల ఫిల్మ్.

చూశారా? "50 శాతం దాకా ఓకే" అని నమ్మి 50 ఫిల్మ్ వేయించుకున్నవాళ్లు కేరళ హైకోర్టు లెక్క ప్రకారం కూడా తప్పులోనే ఉన్నారు. పక్క అద్దానికి సరిపోవాలంటే ఫిల్మ్ దాదాపు 67 శాతం పైన ఉండాలి. అలాంటి ఫిల్మ్ వేస్తే బయటనుంచి చూసేవాళ్లకు ఫిల్మ్ ఉన్నట్టే తెలియదు. నలుపు కోసం, లోపల ఎవరున్నారో కనబడకుండా ఉండటం కోసం ఫిల్మ్ కావాలనుకునేవాళ్లకు చట్టంలో దారి లేదు. ఎండ తగ్గడం కోసం కావాలనుకునేవాళ్లకు మాత్రం ఒక సందు ఉంది.

నలుపు వేరు, చల్లదనం వేరు

సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో కంటికి కనిపించే వెలుతురు సగం కంటే తక్కువే. సగానికి పైగా ఇన్‌ఫ్రారెడ్. అది కనబడదు, కానీ వేడిగా తగులుతుంది. కొద్ది శాతం అల్ట్రావయొలెట్.

చవక రంగు ఫిల్మ్ వెలుతురును ఆపుతుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను పెద్దగా ఆపదు. అందుకే కారు నల్లగా ఉన్నా లోపల కాలుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు రంగు పోయి ఊదా రంగుకు తిరుగుతుంది, బుడగలు వస్తాయి. మెటల్ పొర ఉన్న ఫిల్మ్ వేడిని బాగానే ఆపుతుంది కానీ ఫాస్టాగ్, జీపీఎస్ సిగ్నల్‌కు అడ్డుపడొచ్చు. సెరామిక్ ఫిల్మ్ తెల్లగా ఉంటూనే ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపగలదు, ఖరీదు ఎక్కువ. ఇంకో సంగతి. ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ షీట్ పెట్టి చేస్తారు, అది అల్ట్రావయొలెట్‌ను దాదాపు మొత్తం ఆపేస్తుంది. పక్క అద్దాలు మామూలుగా ఒకే గాజు పొర, అక్కడ కొంత లోపలికి వస్తుంది. చర్మ సమస్య ఉన్నవాళ్లు పట్టించుకోవాల్సింది పక్క అద్దాలనే.

పర్దా, ప్రైవసీ సంగతి

మన ఇళ్లలో ఈ మాట వస్తుంది కాబట్టి దాటేయడం కుదరదు. ఆడవాళ్లు ప్రయాణించేటప్పుడు పర్దా కోసం ఫిల్మ్ లేదా కర్టెన్ పెట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. పాలిచ్చే తల్లులు కూడా ఇదే అడుగుతారు. చట్టంలో దీనికి మినహాయింపు లేదు. సుప్రీంకోర్టు ఆదేశంలో "ఇంకే మెటీరియల్ అయినా" అన్న మాట ఉంది కాబట్టి అద్దాన్ని కప్పే కర్టెన్, అతికించే షీట్ పెట్టినా పోలీసులు చలానా రాయొచ్చు. బండి ఆపి నిలబెట్టినప్పుడు ఎండకు అడ్డంగా షేడ్ పెట్టి, బయల్దేరే ముందు తీసేస్తే ఇబ్బంది ఉండదు.

రాత్రి ఒంటరిగా క్యాబ్ ఎక్కే మన ఆడపిల్ల కోణం నుంచి కూడా ఆలోచించండి. బయటివాళ్లకు లోపల కనబడటమే ఆమెకు రక్షణ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

అక్కడ ఇది రాష్ట్రాల చేతిలో ఉంది. కారు తయారయ్యేటప్పుడు డ్రైవింగ్‌కు అవసరమైన అద్దాలకు 70 శాతం ఉండాలని ఫెడరల్ ప్రమాణం చెబుతుంది. తర్వాత వేయించుకునే ఫిల్మ్ మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో అంకె. టెక్సస్‌లో ముందు పక్క అద్దాలకు 25 శాతం చాలు. ఫ్లోరిడాలో 28, జార్జియాలో 32. న్యూయార్క్‌లో 70, అక్కడ 2017 నుంచి ఏటా జరిగే ఇన్‌స్పెక్షన్‌లో కూడా టింట్ చూస్తున్నారు. న్యూజెర్సీలో డాక్టర్ సర్టిఫికెట్‌తో వచ్చే మినహాయింపు లేకుండా ముందు పక్క అద్దాలకు ఫిల్మ్ వేయకూడదు. డాలస్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొని ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్లే మన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. డాలస్‌లో రైటయిన అద్దం అక్కడ టికెట్ తెస్తుంది.

కొనే ముందు, ఆపినప్పుడు

- సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే అద్దాలు చూడండి. ఫిల్మ్ ఉంటే తీయించి ఇవ్వమని బేరంలోనే మాట్లాడండి. పాత చలానాలు కూడా ఆన్‌లైన్‌లో చెక్ చేయండి.
- ఫిల్మ్ వేయించాలనే అనుకుంటే ముందు మీ అద్దం వీఎల్‌టీ మీటర్‌తో కొలిపించండి. మీటర్ లేని షాపులో "లీగల్" అన్న మాటకు విలువ లేదు.
- జీఎస్టీ బిల్లు తీసుకోండి. అందులో ఫిల్మ్ కంపెనీ, మోడల్, వీఎల్‌టీ శాతం రాయించుకోండి. ప్రమాణం సర్టిఫికెట్ అడగండి.
- అన్నీ సరిగ్గా ఉన్నా మన రెండు రాష్ట్రాల్లో చలానా పడే అవకాశం ఉందని తెలిసే ఖర్చు పెట్టండి.
- పోలీసులు ఆపితే వాదన పెంచొద్దు. కాగితాలు చూపించండి, చలానాలో ఏ సెక్షన్ రాశారో చూసుకోండి. తప్పు అనిపిస్తే కోర్టులో చెప్పుకునే హక్కు మీకు ఉంది.

తేలాల్సింది ఏంటి

పన్నెండేళ్ల ఈ కథలో రూల్ ఎప్పుడూ అంకెతోనే మాట్లాడింది. రోడ్డు మీద మాత్రం కొలత కంటితోనే జరుగుతోంది. కంటికి నల్లగా కనబడితే తప్పు, కనబడకపోతే రైటు. ప్రతి చెక్ పాయింట్‌లో ఒక మీటర్ ఉండి, అంకె చూపించి చలానా రాస్తే, 20 ఫిల్మ్ వేసుకుని తిరిగే పెద్దవాళ్లూ దొరుకుతారు, నియమం పాటించిన మామూలువాళ్లూ బయటపడతారు. అలాగే 2021 సవరణకు అర్థం ఏంటో కేంద్రం ఒక సర్క్యులర్‌తో స్పష్టంగా చెబితే కేరళలో ఒక మాట, తెలంగాణలో ఒక మాట అనే పరిస్థితి పోతుంది. షాపు కుర్రాడికి కూడా ఏది అమ్మొచ్చో, ఏది అమ్మకూడదో తెలుస్తుంది.

మా మామూ ఇప్పుడు ఫిల్మ్ లేకుండానే తిరుగుతున్నారు. ఆపినప్పుడు ఆయన కారు అద్దం ఎంత శాతం ఉందో ఎవరూ కొలవలేదు. అది 48 ఉందో 53 ఉందో ఆయనకూ తెలియదు, చలానా రాసినవాళ్లకూ తెలియదు.